మిషను చచ్చేది తోటలో కాదు

“ఇవి వాడి పారేసే సరుకండి. రెండు సీజన్లు నడిస్తే పెట్టిన డబ్బు వచ్చేసినట్టే. వీటికి కూడా సర్వీసింగేంటండి?”

రాజోలు దీవిలో గడ్డి కోసే మిషను ఊసెత్తితే చాలు, ఎదురయ్యే మాట ఇదే. కొన్న రైతూ ఇదే అంటాడు, అమ్మిన షాపాయనా ఇదే అంటాడు. బాగుచేయాల్సిన మెకానిక్కు కూడా పానా పక్కన పెట్టి ఇదే అంటాడు. ముగ్గురూ ఒప్పుకున్న మాట కాబట్టి ఎదురడిగేవాడు లేడు. ఎదురడిగేవాడు లేడు కాబట్టి అది అనుభవసారమై కూర్చుంది. ఈలోగా షెడ్డు మూలల్లో కదలని మిషన్లు పోగుపడుతున్నాయి.

ఈ మాట వెనక ఉన్న వాదనను తక్కువ చేసి చెప్పి గెలవాలని నాకు లేదు. దానికి నాలుగు కారణాలు చూపిస్తారు. బంకులో పోసే పెట్రోలు ఇదివరకటిది కాదు, అందులో ఇథనాల్ కలుపుతున్నారు. మనది సముద్రం పక్క ఊరు, ఉప్పుగాలికి ఇనుము నిలవదు. వచ్చేదంతా చైనా సరుకు. చివరిది లెక్కల కారణం: మిషనే చవకైనప్పుడు దాని మీద రైతు గంటలు, డబ్బులు ఖర్చుపెట్టడం దండగ. నాలుగింటిలోనూ కొంత నిజముంది. నాలుగూ కలిసి చేరిన తీర్పు మాత్రం తప్పు. ఈ చిన్న ఇంజన్లు పనిచేసి అరిగి పోవడం అరుదు. పని లేని నెలల్లో, ట్యాంకు అడుగున మిగిల్చిన పెట్రోలుతో, దుమ్ము పట్టిన ఫిల్టరుతో, షెడ్డులోనే చస్తున్నాయి. అది తలరాత కాదు, అలవాటు.

ముందు ఈ మిషను మన తోటల్లోకి ఎలా వచ్చిందో గుర్తుచేసుకోవాలి. తిరిగే తీగతో గడ్డి కోయడమనే ఆలోచన 1971లో అమెరికాలోని హ్యూస్టన్‌లో జార్జ్ బలాస్ అనే ఆయనకు వచ్చింది. కార్లు కడిగే చోట గిర్రున తిరిగే బ్రష్షులు చూసి పుట్టిన ఊహ అది. అక్కడ అది ఇంటిముందు పచ్చిక కత్తిరించుకునే సరదా పనిముట్టు. మనకు అలా కాదు. కొబ్బరి కింద కోకో, అరటి ఉన్న తోటలో తుంగా గరికా మోకాలెత్తు లేచినప్పుడు కొడవలి పట్టే మనిషి దొరకడం లేదు. ఈ ఊళ్ళ నుంచి మగవాళ్ళూ ఆడవాళ్ళూ కువైట్, దుబాయ్, మస్కట్ దారి పట్టి దశాబ్దాలైంది. అక్కడినుంచి పంపిన డబ్బుతోనే ఇక్కడ చాలా ఇళ్ళలో బ్రష్ కట్టరు కొన్నారు. పోయిన చేతుల స్థానంలో వచ్చిన మిషనిది. దాన్ని ఆటబొమ్మ కింద జమకట్టడం మొదటి పొరపాటు.

ఇక పెట్రోలు సంగతి. పెట్రోలులో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యానికి మొదట పెట్టుకున్న గడువు 2030. దాన్ని 2025కి ముందుకు జరిపారు. 2023 ఫిబ్రవరి 6న బెంగళూరులో ఈ20 పెట్రోలును ఆరంభించారు, 2025కల్లా దేశమంతా ఆ మిశ్రమానికి చేరింది. ఇథనాల్ లేని పెట్రోలు ఎంచుకునే వీలు వినియోగదారుకు ఇవ్వాలని వేసిన పిటిషన్ను 2025 సెప్టెంబరు 1న సుప్రీంకోర్టు కొట్టేసింది. మరోవైపు చిన్న ఇంజన్లు తయారుచేసే పెద్ద కంపెనీల మాన్యువళ్ళు చాలావాటిలో ఇథనాల్ 10 శాతం దాటకూడదనే ఉంటుంది. అంటే కొన్న మిషను ఒకటి చెబుతోంది, బంకు ఇంకొకటి పోస్తోంది. ఈ ఫిర్యాదు న్యాయమైనదే. దాన్ని కంపెనీలనూ ప్రభుత్వాన్నీ గట్టిగా అడగాల్సిందే.

కానీ ఇథనాల్ చేసే హాని ఎలా జరుగుతుందో చూస్తే తప్పు ఎక్కడుందో తేలుతుంది. ఇథనాల్‌కు నీటిని పీల్చుకునే గుణం ఉంది. సగం ఖాళీగా ఉన్న ట్యాంకులో పగలు వేడికి గాలి వ్యాకోచించి బయటికి పోతుంది, రాత్రి చల్లబడి తేమగాలి లోపలికి వస్తుంది. వానాకాలంలో మూత సరిగా పెట్టని డబ్బా సంగతి చెప్పనక్కర్లేదు. నీరు ఒక హద్దు దాటితే ఇథనాల్ పెట్రోలును వదిలేసి నీటితో కలిసి అడుక్కి దిగిపోతుంది. టూ స్ట్రోకు ఇంజనులో నూనెకు వేరే గది లేదు, పెట్రోలులో కలిసివచ్చే ఆయిలే పిస్టనుకు తడి. ట్యాంకులో గొట్టం చివరనుండే ఫిల్టరు బరువుకు అడుగునే పడి ఉంటుంది. కాబట్టి మూడు నెలల తర్వాత తాడు లాగినప్పుడు కార్బొరేటరు ముందుగా పీల్చేది ఆయిలు లేని ఆ అడుగు నీళ్ళనే. అదృష్టం బాగుంటే ఇంజను స్టార్టు కాదు. బాగోకపోతే స్టార్టయి, పిస్టను పట్టేస్తుంది.

ఇందులో ప్రతి మెట్టూ నిల్వ మీద ఆధారపడింది గమనించండి. అదే బంకులో అదే పెట్రోలు పోయించుకున్న బండి రోజూ రాజోలు నుంచి మలికిపురం వెళ్ళొస్తోంది. దానికి ఈ రోగం లేదు, ఎందుకంటే దాని ట్యాంకులో పెట్రోలు వారం నిలవదు. పోనీ ఇథనాల్ రాకముందు ఈ మిషన్లు మొరాయించలేదా? ఇథనాల్ లేని పెట్రోలు సైతం నిలవుంటే తేలిక భాగం ఆవిరై బంక మిగులుతుంది. వెంట్రుకంత సన్నని కార్బొరేటరు జెట్టును ఆ బంక మూసేస్తుంది. 1908లో మొదలై చిన్న ఇంజన్లకు పేరుపడ్డ మిల్వాకీ కంపెనీ బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్, 30 రోజులు దాటి నిల్వ ఉంచితే పెట్రోలు పాతబడుతుందని తన వినియోగదారులకు చెబుతుంది. ఇథనాల్ ఆ గడువును ఇంకా బిగించింది, అంతే. పెట్రోలు చెడ్డదైతే ట్యాంకు ఖాళీ చేయాల్సిన అవసరం పెరుగుతుంది గానీ తగ్గదు. “పెట్రోలు బాలేదు, అందుకే సర్వీసింగు దండగ” అనే వాదన తలకిందులుగా నడుస్తోంది.

రెండో కారణం ఉప్పుగాలి. అంతర్వేది, సఖినేటిపల్లి వైపు గాలిలో ఉప్పు లేదని ఎవరూ అనరు. అయితే ఆ ఉప్పు దేన్ని తింటుంది? సైలెన్సరు బోల్టులను, తాడు చుట్టుకునే స్ప్రింగును, పైకి కనిపించే స్క్రూలను తింటుంది. ఇవన్నీ పొడిగుడ్డతో తుడిచి, రెండు చుక్కల ఆయిలు రాస్తే చాలాకాలం ఆగేవే. లోపలి పిస్టనును గీసేది ఉప్పు కాదు, చిరిగిన ఫిల్టరులోంచి దూరిన మట్టిదుమ్మూ గడ్డినలుసూ. పైగా మనం మిషను ఎక్కడ పెడుతున్నాం? రేకుల షెడ్డులో, మట్టినేల మీద, ఎరువుల బస్తాలకు ఆనించి. కొబ్బరికి వేసే పొటాష్ తేమను లాగుతుంది, ఇనుమును తినేస్తుంది. సముద్రం అంతర్వేదిలో ఉంది, పొటాష్ బస్తా మిషను పక్కనే ఉంది. నింద మాత్రం సముద్రం మీద పడుతోంది.

ఉప్పుగాలికి చిన్న ఇంజన్లు నిలవవన్న మాటకు మన బజార్లే జవాబు చెప్పగలవు. 1985లో శ్రీరామ్ హోండా సంస్థ పెట్టాక వచ్చిన చిన్న జనరేటర్లు కరెంటు కోతల రోజుల్లో షాపుల అరుగుల మీదా పెళ్ళి ఊరేగింపుల్లోనూ ఎంత నడిచాయో నడివయసు దాటినవాళ్ళందరికీ తెలుసు. అవీ చిన్న ఇంజన్లే, ఇదే గాలి పీల్చాయి. రోజూ నడిచేవి. రోజూ నడిచే ఇంజనులో పాత ఇంధనం ఉండదు, ఎవరో ఒకరు ఆయిలు చూస్తారు, ప్లగ్గు తుడుస్తారు. కరెంటు పోతే వ్యాపారం ఆగుతుంది గనక యజమాని కన్ను దాని మీదే ఉండేది. గడ్డి మిషనుకు లేనిది ఆ కన్నే.

మూడో కారణం చైనా సరుకు. పది రకాల పేర్లతో, పది రంగుల డబ్బాల్లో అమ్మే 52 సీసీ మిషన్లలో చాలా వాటి లోపలి నమూనా ఒకటే. లోహం నాణ్యతలో తేడాలుంటాయి, కొన్నింటికి మొదటిరోజు నుంచే జబ్బులుంటాయి, ఒప్పుకుంటాను. కానీ నమూనా ఒకటే కావడం రైతుకు మేలు కూడా. కార్బొరేటరు, ప్లగ్గు, క్లచ్చు, తాడు స్టార్టరు చాలావరకు ఒకదానివి ఒకదానికి సరిపోతాయి, తక్కువ ధరకు దొరుకుతాయి. ఇక్కడ అసలు ప్రశ్న వేరే. ఖరీదైన జర్మన్ మిషనులో నెలల తరబడి పెట్రోలు వదిలేస్తే అదేమైనా క్షమిస్తుందా? క్షమించదు. ఆ కంపెనీల మాన్యువళ్ళూ నిల్వ పెట్టేముందు ట్యాంకు ఖాళీ చేసి, కార్బొరేటరు ఎండేదాకా ఇంజను నడపమంటాయి. చావులో చవక మిషనుకూ ఖరీదు మిషనుకూ తేడా లేనప్పుడు నేరం దేశం మీద మోపడం కుదరదు.

ఇంకో నమ్మకం ఉంది, ఇది సోమరితనం నుంచి కాక ప్రేమ నుంచి పుట్టింది: ఆయిలు కాస్త ఎక్కువ పోస్తే ఇంజనుకు చలవ. ఇది విషం. లీటరు పెట్రోలుకు 50కి 1 పాళ్ళలో అయితే 20 మిల్లీలీటర్లు, 25కి 1 పాళ్ళలో అయితే 40 మిల్లీలీటర్లు టూటీ ఆయిలు కలపాలి. ఏ పాళ్ళో మాన్యువల్లో ఉంటుంది. అంతకు మించి పోస్తే ప్లగ్గు మసిబారుతుంది, పొగ వస్తుంది, సైలెన్సరు దారిలో బొగ్గు పేరుకుని ఊపిరి ఆడదు. పైగా ఆయిలు పెరిగిన మేరకు పెట్రోలు తగ్గి మిశ్రమం పలచబడుతుంది, ఇంజను చల్లబడటం పోయి వేడెక్కుతుంది. బండిలోంచి తీసిన పాత ఇంజనాయిలు కలిపేవాళ్ళున్నారు, అది ఇంకా ఘోరం. టూటీ ఆయిలు కాలిపోవడానికి చేసింది, బండి ఆయిలు కాలకుండా ఉండటానికి చేసింది. ఒకదాని పని ఇంకొకటి చేయదు.

ఫోర్ స్ట్రోకు మిషను కొన్నవాళ్ళది దీనికి తిరగేసిన కథ. అందులో పెట్రోలులో ఆయిలు కలపక్కర్లేదని తెలియగానే ఇంక ఆయిలు సంగతే మర్చిపోతారు. హోండా జీఎక్స్35 ఇంజనులో పట్టే ఆయిలు 100 మిల్లీలీటర్లు. మొదటిసారి 10 గంటలకు, ఆపైన ప్రతి 50 గంటలకు లేదా 6 నెలలకు మార్చమని కంపెనీ చెప్పింది. అంత కొద్ది ఆయిలులో మసి చేరితే దాచుకోవడానికి చోటుండదు. కారుకు మూడు నాలుగు లీటర్ల ఆయిలు టైము తప్పకుండా మార్పించే మనిషే ఇక్కడ 100 మిల్లీలీటర్ల దగ్గర పిసినారి అవుతాడు.

ఇప్పుడు లెక్కల కారణం. నాలుగింటిలో బలమైనది ఇదే. మిషను చవక, రైతు గంట ఖరీదు, కాబట్టి పారేసి కొత్తది కొనడమే లాభం అంటారు. ఈ లెక్కలో రెండు అంకెలు ఎగ్గొట్టారు. మొదటిది, సంరక్షణ ఖర్చు. ట్యాంకు ఖాళీ చేయడానికి డబ్బు అక్కర్లేదు, మిగిలిన పెట్రోలు బండిలో పోసుకోవచ్చు, ఫోర్ స్ట్రోకు మిషనుదైతే. ఫిల్టరు సబ్బునీళ్ళతో కడగడానికి ఖర్చు సబ్బు ముక్క. రెండోది, మిషను మొరాయించిన రోజు ఖరీదు. తొలకరి పడ్డాక మిషను మోసే మనిషి అతికష్టం మీద దొరికి, పొద్దున్నే వచ్చి, తాడు లాగి లాగి విసిగి మరో తోటకు వెళ్ళిపోతాడు. మళ్ళీ అతను దొరికేటప్పటికి గడ్డి గింజ రాల్చేస్తుంది. కొత్త మిషను ధర రసీదు మీద కనబడుతుంది, ఈ నష్టం ఏ రసీదు మీదా కనబడదు.

కనబడని నష్టం ఇంకొకటుంది. మిషను నడవని తోటలోకి కలుపుమందు వస్తుంది. గ్లైఫోసేట్‌ను పెస్ట్ కంట్రోలు ఆపరేటర్లు తప్ప ఇతరులు వాడకూడదని కేంద్రం 2022 అక్టోబరులో ఆంక్ష పెట్టింది. ఆంక్ష కాగితం మీద ఉంది, అవసరం గట్టు మీద ఉంది. కొబ్బరి కింద లేత కోకో మొక్కలూ అరటి పిలకలూ ఉన్న నేలలో, బోదెల్లో నీళ్ళు కాలువలో కలిసే నేలలో ఆ మందు ఎక్కడాగుతుంది? మిషను ప్లగ్గు తుడవడానికి బద్ధకించిన చెయ్యే స్ప్రేయరు భుజానికెత్తుకుంటోంది.

తుపాను రోజులు కూడా లెక్కలోకి రావాలి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమ కొబ్బరి చెట్లను ఎలా పడగొట్టిందో ఇక్కడ ఒకరికి చెప్పనక్కర్లేదు. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నర్సాపురం దగ్గర తీరం దాటింది. అలాంటి తెల్లవారుజామున దారికడ్డంగా పడ్డ చెట్టు కోయాలంటే పెట్రోలు రంపమే దిక్కు. ఏడాదికోసారి పని పడే మిషనే ఎప్పుడూ సిద్ధంగా ఉండాలి. వాడి పారేసే సరుకని మూలన పెట్టిన రంపం ఆ ఒక్క పొద్దున స్టార్టు కాకపోతే, చవకగా కొన్నామన్న తృప్తి అంబులెన్సుకు దారి ఇవ్వదు.

అసలు ఏడాదికోసారి సంరక్షణ అన్నది ఈ నేలకు కొత్త చదువా? ధవళేశ్వరం ఆనకట్ట కట్టిన కాటన్ దొరను దేవుడిలా చూసుకునే ప్రాంతం మనది. గన్నవరం అక్విడక్టు మీదుగా వైనతేయను దాటి రాజోలు దీవికి నీళ్ళొస్తున్నాయి. ఎండాకాలంలో కాలువలు కట్టేసి పూడిక తీయాలి, గుర్రపుడెక్క తొలగించాలి, గేట్లు చూడాలి. ఒక ఏడాది ఆ పని అరకొరగా జరిగితే శివారు చేలు ఎండుతాయి, మనమే ధర్నా చేస్తాం. నీళ్ళు పారని నెలల్లోనే కాలువను బాగుచేసుకోవాలని తెలిసిన రైతుకు, కోత లేని నెలల్లోనే మిషను బాగుచేసుకోవాలన్నది కొత్త నీతి కాకూడదు.

చేయాల్సింది ఎంతుందని? కోతకు వెళ్ళేముందు ఫిల్టరు చూడాలి, ఫోర్ స్ట్రోకైతే ఆయిలు మట్టం చూడాలి. కోత అయ్యాక ఇంజను చుట్టూ ఉన్న రెక్కల్లో ఇరుక్కున్న గడ్డి తీయాలి. ఈ ఇంజనుకు రేడియేటరు లేదు, ఆ రెక్కల మధ్య గాలే దాని నీళ్ళు. 25 గంటలకోసారి ఫిల్టరు కడిగి ఆరబెట్టాలి, బ్లేడు దగ్గరున్న గేరు డబ్బాలో గ్రీజు చూడాలి. ప్లగ్గు విప్పి మసి తుడిచి, ఎడం 0.6 నుంచి 0.7 మిల్లీమీటర్లు ఉందో లేదో చూడాలి, చాలా ఇంజన్లకు ఆ కొలతే. టూ స్ట్రోకు మిశ్రమం ఏ వారం కావాల్సింది ఆ వారమే కలుపుకోవాలి. సీజను ముగిశాక ట్యాంకు వంచి ఖాళీ చేసి, తనంతట తాను ఆగిపోయేదాకా ఇంజను నడపాలి. తర్వాత బల్ల మీదో కొక్కానికో పెట్టాలి, ఎరువుల బస్తాకు దూరంగా.

పెట్రోలు పోసేటప్పుడు మాత్రం తొందర వద్దు. ఇంజను చల్లారాలి, దగ్గర్లో బీడీ వెలగకూడదు. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరం అనే ఊళ్ళో గ్యాసు ఎలా అంటుకుందో చూసిన ప్రాంతంలో ఈ మాట రెండుసార్లు చెప్పాల్సిన పని లేదు.

“ఇవన్నీ మెకానిక్కు చూసుకుంటాడులెండి” అనేవాళ్ళకు ఒక మాట. స్టార్టు కాని మిషను దుకాణానికి వెళితే చాలాచోట్ల జరిగేది కార్బొరేటరు స్క్రూ అటూ ఇటూ తిప్పడం. బంక పట్టిన జెట్టును శుభ్రం చేయకుండా స్క్రూ తిప్పితే ఇంజను లేస్తుంది, పెట్రోలు పాళ్ళు తప్పుతాయి, నెల తిరక్కుండా పిస్టను మీద గీతలు పడతాయి. మెకానిక్కును తప్పుపట్టలేం. గంటలో నడిపించి ఇమ్మని నెత్తిన కూర్చున్నది మనమే.

షాపులకూ సర్కారుకూ కూడా వాటా ఉంది. 2014-15లో మొదలైన వ్యవసాయ యాంత్రీకరణ ఉప మిషన్ కింద పరికరాలకు సబ్సిడీ ఇస్తున్నారు. ఎన్ని ఇచ్చామన్నది లెక్క రాస్తారు, రెండేళ్ళ తర్వాత ఎన్ని నడుస్తున్నాయన్నది కూడా రాయాలి. మిషనుతో పాటు ఇంగ్లీషులోనో చైనా భాషలోనో పుస్తకం ఇస్తారు, రైతుకు తెలుగులో ఒక్క పేజీ ఇస్తే చాలు. రైతు సేవా కేంద్రంలో ఏడాదికి ఒక పూట, వేసవిలో, ట్యాంకు ఖాళీ చేయడం, ఫిల్టరు కడగడం, ఆయిలు పాళ్ళు కొలవడం చేసి చూపిస్తే సబ్సిడీ కంటే ఎక్కువ మేలు జరుగుతుంది. ఈ డిమాండుకు కోట్లు అక్కర్లేదు, ఒక చాప, ఒక పానా, తెలిసిన ఒక మనిషి చాలు.

వాడి పారేసేదన్న మాట అమ్మేవాడికి లాభం, ఎందుకంటే రెండేళ్ళకోసారి మళ్ళీ అమ్ముతాడు. బాగుచేసేవాడికి సుఖం, ఎందుకంటే రోగం వెతకక్కర్లేదు. కొన్న రైతుకు మాత్రం నష్టం తప్ప ఇంకేం లేదు, అయినా అందరికంటే గట్టిగా ఆ మాట అనేది ఆయనే. ఈ సీజను ఆఖరి కోత అయ్యాక ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టరు కడిగి పెట్టండి. అలా పెట్టిన మిషను వచ్చే తొలకరికి లేవకపోతే అప్పుడు పెట్రోలునూ కంపెనీనీ సముద్రాన్నీ కలిపి తిట్టండి. మీతో పాటు నేనూ తిడతాను.